పుస్తకాల అంగడిలో వృక్షశాస్త్రజ్ఞుడు

విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్ 1824లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున జన్మించెను. తండ్రికి సంగీత గ్రంథముల వ్యాపారము. కాలేజీ చదువు లేకయే కుమారుడును అందులో చేరెను. తెల్లవారుజామున, అంగడి పనికి ముందు, సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెడివాడు. హ్రస్వదృష్టి; ఓపికకు మాత్రము కొదువ లేదు.

పుప్పొడి నాళపు కొసయే విత్తనములోని పిండమగునని ష్లైడెన్ ఆచార్యుడు ఘంటాపథముగా చెప్పుచున్న కాలమది. హోఫ్‌మైస్టర్ ఈనోథెరా కుటుంబపు పూల అండములను సన్నగా కోసి చూచెను. స్త్రీబీజకణము పిండకోశములో ముందే యున్నది! నాళము వచ్చిన పిదప ఆ కణమే పిండమగుచున్నది. ఈ సంగతి 1847లో ప్రకటించి, 1849లో మరికొన్ని మొక్కలను చేర్చి గ్రంథము వ్రాసెను. అప్పటికి పాతికేండ్లవాడు. పండితులు చాలకాలము వాదులాడిరి. 1856 నాటికి ష్లైడెనే తన మాట విడిచెను.

విద్యార్థిగా ఏ విశ్వవిద్యాలయములోను కూర్చుండని ఆయన 1863లో హైడెల్‌బెర్గులో ఆచార్యుడయ్యెను. 1877లో, 52వ యేట, కాలధర్మము నొందెను.