పదవి పోయినా తలవంచని బ్యాంకు గవర్నర్ పువయ్ ఉంగ్‌ఫాకోన్

థాయ్‌లాండ్ కేంద్ర బ్యాంకును పన్నెండేళ్లు నడిపిన ఆర్థికవేత్త పువయ్ ఉంగ్‌ఫాకోన్ వలస కుటుంబంలో పుట్టారు. చైనా నుంచి బ్యాంకాక్ వచ్చిన తండ్రి టోకున చేపలు అమ్మేవారు. 1916లో పుట్టిన పువయ్‌కు చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడం కష్టమైనా తల్లి పిల్లల చదువు మాన్పించలేదు.

బడిలో పాఠాలు చెబుతూనే ఆయన డిగ్రీ పూర్తి చేశారు. 1938లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో లండన్ వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో స్వదేశం జపాన్ పక్షాన చేరడంతో స్వేచ్ఛా థాయ్ ఉద్యమంలో కలిశారు. 1944లో పారాచూట్‌తో సొంతగడ్డపై దిగి పట్టుబడ్డారు. యుద్ధంతో ఆగిన డాక్టరేట్ 1949లో చేతికొచ్చింది.

1953లో ఆయన కేంద్ర బ్యాంకు డిప్యూటీ గవర్నర్. నిబంధనలు మీరిన ఒక బ్యాంకుకు జరిమానా తప్పించాలని అధికారంలో ఉన్నవారు ఒత్తిడి తెచ్చారు. ఆయన ఒప్పుకోలేదు, పదవి పోయింది. అలా ఒత్తిడి తెచ్చిన సైనిక నేత సరిత్ థనరత్, ప్రధాని అయ్యాక 1959లో ఆయననే గవర్నర్‌గా నియమించారు. 1971 వరకు ఆ పదవిలో ఉండి దేశ కరెన్సీ బాత్ విలువను నిలబెట్టారు. 1965లో రామన్ మెగసెసె అవార్డు అందుకున్నారు. 1967లో గ్రామాల బాగు కోసం ఒక సంస్థనూ స్థాపించారు.

సైనిక పాలకులు రాజ్యాంగాన్ని రద్దు చేసినప్పుడు, 1972లో మారుపేరుతో ఊరి పెద్దకు రాసినట్టుగా ప్రధానికి లేఖ రాశారు. ఊరికి కట్టుబాట్లు తిరిగి కావాలని అందులో కోరారు. 1976 అక్టోబరు 6న తాను రెక్టార్‌గా ఉన్న థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఊచకోత జరిగింది. ఆ రోజే దేశం విడిచారు. 1999లో లండన్‌లో కన్నుమూశారు.

ఆయన పెద్ద పదవులు చూశారు. వాటిని నిలుపుకోవడానికి మాత్రం తలవంచలేదు.