మత్తు నేర్పిన నర్సు: అగాథా హాడ్జిన్స్

శస్త్రచికిత్స చేసినవాని పేరు లోకమెరుగును. రోగి తలవైపు కూర్చుండి మత్తు ఇచ్చినవారిని తలచుకొనుట అరుదు. అగాథా హాడ్జిన్స్ 1877లో కెనడాలో జన్మించి, బోస్టనులో నర్సు విద్య ముగించి, అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున లేక్‌సైడ్ ఆసుపత్రిలో చేరెను. 1908లో అచ్చటి శస్త్రవైద్యుడు జార్జి క్రైల్ ఆమెను మత్తు ఇచ్చు పనికి ఎన్నుకొనెను.

రక్తము పోయి నీరసించినవానికి ఈథరు ముప్పు తెచ్చునని క్రైల్ నమ్మకము. నైట్రస్ ఆక్సైడును ఆక్సిజనుతో కలిపి ఇచ్చుట మేలని యాతడు తలచెను. కాని ఆ పని సులభము కాదు. ఆక్సిజను తగ్గినచో ప్రాణాపాయము. హెచ్చినచో రోగి మేలుకొనును. పెదవుల రంగు, ఊపిరి, నాడి, వీనిని క్షణక్షణము కనిపెట్టుచుండవలెను. పుస్తకము చదివినంత మాత్రమున ఈ నేర్పు రాదు.

1915లో యుద్ధము సాగుచుండగా ఆమె క్రైల్ బృందముతో ఫ్రాన్సుకు వెళ్లి, పారిస్ చెంతనున్న నూయీలో గాయపడిన సైనికులకు మత్తు ఇచ్చెను. క్రైల్ మరలిపోయినను ఆమె నిలిచి, ఇతరులకు ఆ విద్య నేర్పెను. ఆ యేడే క్లీవ్‌లండులో శిక్షణాలయము వెలసెను. 1917లో అమెరికా యుద్ధమున దిగినప్పుడు మత్తు ఇయ్య నేర్చిన నర్సులు సైన్యము వెంట ఫ్రాన్సుకు తరలిరి.

యుద్ధభూమిలో అక్కరకు వచ్చిన చేయి ఇంటివద్ద చెల్లదనిరి! నర్సులు మత్తు ఇయ్యరాదని 1916లో ఒహాయో రాష్ట్ర వైద్యమండలి అడ్డు చెప్పెను. వివాదము సాగి సాగి, వైద్యుని సమక్షమున శిక్షితురాలైన నర్సు మత్తు ఇయ్యవచ్చునని 1919లో చట్టము ఒప్పుకొనెను.

1931లో మత్తు ఇచ్చు నర్సులకు జాతీయ సంఘము ఏర్పడగా ఆమెయే తొలి అధ్యక్షురాలు. 1945లో ఆమె కన్నుమూసెను. ఆ సంఘపు మొదటి అర్హతా పరీక్ష ఆ యేడే జరిగెను.