గణిత విదుషీమణి సోఫియా కొవలెవ్‌స్కాయా

విద్యార్జనకు కొందరికి ధనలోపము అడ్డు తగులును. కొందరికి తగిన గురువు దొరకడు. ధనమును, గురువును, అసాధారణమైన బుద్ధిబలమును ఉండియు, స్త్రీగా జన్మించిన ఒక్క కారణముచేత విద్యాలయపు తలుపులు మూసికొనిపోయిన వారి చరిత్రలు వేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని విశ్వవిద్యాలయములలో పెక్కు స్త్రీలకు ప్రవేశము నిచ్చెడివి కావు. అట్టి దినములలో గణితశాస్త్రమున డాక్టరు పట్టమును సంపాదించి, గ్రహవలయముల ఆకృతిని, బొంగరపు భ్రమణమును గణితముచే సాధించి, విశ్వవిద్యాలయ స్థాయి సంస్థలో ఆచార్యపదవి నధిష్ఠించిన మహిళ సోఫియా కొవలెవ్‌స్కాయా.

ఆమె 1850వ సంవత్సరము జనవరి 15వ తేదీన రష్యాదేశమున మాస్కో నగరములో జన్మించెను. తండ్రి వసీలీ కొర్విన్ క్రుకోవ్‌స్కీ ఫిరంగిదళమున సేనానాయకుడు. తల్లి యెలిజవెతా, జర్మను సంతతికి చెందిన షూబర్టు వంశపు ఆడపడుచు. ఆ వంశమున శాస్త్రవిద్య పరంపరగా వచ్చుచుండెను. తల్లికి తాత యైనవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు. తండ్రి యైనవాడు భూమిని కొలిచి పటములు నిర్మించుటలో ప్రసిద్ధుడు. సోఫియా చిన్నతనముననే తండ్రి ఉద్యోగమును విరమించి, పాలిబినో అను పల్లెలోని తన జమీందారీ భవనమున కాపురముండెను.

ఆ భవనమును బాగుచేయించునపుడు గదుల గోడలకు అంటించు రంగుకాగితము పిల్లల గదికి చాలలేదు. ఆ ఒక్క గదికొరకు రాజధాని నుండి మరల తెప్పించుట శ్రమయని తలచి, ఇంట పడియున్న పాత కాగితములను ఆ గోడలకు అంటించిరి. అవి తండ్రి తన యౌవనమున సంపాదించిన ఓస్త్రోగ్రాద్‌స్కీ ఆచార్యుని చలనకలన, సమాకలన ఉపన్యాసముల అచ్చుపుటలు. బాలిక ఆ గోడల ముందు గంటలకొలది నిలిచి, ఏ పుటకు తరువాత ఏ పుట వచ్చునో తెలిసికొన యత్నించుచుండెను. అర్థము తెలియకున్నను ఆ చిహ్నములును సూత్రములును ఆమె మనస్సున నాటుకొనిపోయెను. పిదప కొన్ని యేండ్లకు ఒక గురువు చలనకలనమును బోధించినపుడు, ఇంతకు పూర్వమే నేర్చినదానివలె ఆమె గ్రహించుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. పెదతండ్రి ప్యోత్ర్ గణితము చదువుకొన్నవాడు కాకపోయినను ఆ శాస్త్రమునందు మిక్కిలి గౌరవము కలవాడు. ఆయన వలన ఆమె వృత్తమును చతురస్రముగా మార్చు ప్రయత్నములను గూర్చియు, వక్రరేఖకు నిరంతరము చేరువగుచు దానిని ఎన్నటికిని తాకని సరళరేఖలను గూర్చియు కథలవలె వినెను.

పొరుగు జమీందారు తిర్తోవ్ భౌతికశాస్త్రాచార్యుడు. ఆయన తాను రచించిన పాఠ్యగ్రంథమునొకదానిని ఆ కుటుంబమునకు బహూకరించెను. సోఫియా దానిని చదువబూనెను గాని కాంతిని గూర్చిన ప్రకరణమున త్రికోణమితి అడ్డుపడెను. ఆ శాస్త్రమును ఆమెకు ఎవరును నేర్పి యుండలేదు. జ్యా అను పదమునకు అర్థము తెలియక, కోణమునకు ఎదురుగా నుండు వృత్తఖండపు జీవారేఖతో దానిని తనకు తానుగా సాధింప యత్నించెను. చిన్న కోణములకు ఆ రెండును ఇంచుమించు సరిపోవుటచే గ్రంథములోని సూత్రములు ఆమెకు కుదిరెను. ఈ సంగతి నెరిగిన తిర్తోవ్ విస్మితుడై, ఆమెను బాల్యముననే క్షేత్రగణితమును స్వయముగా కనిపెట్టిన పాస్కలుతో పోల్చి, ఆమెకు ఉన్నత గణితము చెప్పింపవలసినదని తండ్రిని వేడుకొనెను. చదువుకొన్న స్త్రీలయెడ ఆదరము లేని ఆ సేనాని చాలకాలమునకు మెత్తబడి, పీటర్సుబర్గులో స్త్రాన్నొల్యూబ్‌స్కీ అను ఉపాధ్యాయునికడ ఆమె చదువుకొనుటకు అంగీకరించెను.

అంతకు మించిన చదువు రష్యాలో ఆమెకు లభ్యము కాదు. విశ్వవిద్యాలయములు స్త్రీలకు మూయబడియుండెను. విదేశమునకు పోవలెనన్న అవివాహితకు తండ్రి అనుమతియు, వివాహితకు భర్త అనుమతియు కావలసియుండెను. ఆ కాలపు రష్యా యువతులలో కొందరు ఈ చిక్కునకు ఒక ఉపాయమును కనిపెట్టిరి. స్త్రీవిద్యయందు అభిమానము గల యువకుని నామమాత్రముగా వివాహమాడి, ఆతని అనుమతితో విదేశములకు పోవుచుండిరి. వ్లదీమిర్ కొవలెవ్‌స్కీ అట్టి యువకుడు. ఆతడు శాస్త్రగ్రంథములను ప్రకటించువాడు. పిదప శిలాజ శాస్త్రమున కీర్తి గడించినవాడు. 1868లో ఆయనతో సోఫియా వివాహము జరిగెను. అప్పటికామె ప్రాయము పదునెనిమిదేండ్లు.

1869లో ఆమె జర్మనీలోని హైడెల్‌బర్గునకు చేరెను. అచ్చటను స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకొను ఆచారము లేదు. ప్రతి ఆచార్యుని వేరువేరుగా ఆశ్రయించి, వారి ఉపన్యాసములు వినుటకు మాత్రము అనుమతి సంపాదించెను. కిర్చాఫ్, హెల్మ్‌హోల్ట్జ్ మున్నగు భౌతికశాస్త్ర మహామహుల ఉపన్యాసములను, కోనిగ్స్‌బర్గర్ గణిత బోధనను వినెను. తన గురువైన వయర్‌స్ట్రాస్‌ను కోనిగ్స్‌బర్గర్ ఎల్లప్పుడును కొనియాడుచుండుటచే, ఆ మహాగణితజ్ఞుని కడనే చదువవలెనని నిశ్చయించుకొని 1870లో ఆమె బెర్లిను చేరెను.

బెర్లిను విశ్వవిద్యాలయము హైడెల్‌బర్గు కన్న కఠినమైనది. ఉపన్యాసములు వినుటకు సైతము స్త్రీలను లోనికి రానీయలేదు. ఆమె తిన్నగా వయర్‌స్ట్రాస్ ఇంటికి పోయి తన కోరికను తెలిపెను. ఏబదియైదేండ్ల ఆ ఆచార్యుడు, ప్రౌఢ విద్యార్థులకొరకు సిద్ధపరచిన కఠినమైన లెక్కలను కొన్నింటిని ఇచ్చి పంపెను. ఆమె మరల వచ్చుననియైనను ఆయన తలచియుండడు. వారము దినములలో ఆమె వాటినన్నింటిని సాధించి తెచ్చెను. సాధించుటయే కాదు, ఆ సాధనలలో స్వతంత్రబుద్ధి స్పష్టముగా కనిపించెను. ఆయన విశ్వవిద్యాలయపు సభను ఆమె కొరకు అర్థించెను, సభ నిరాకరించెను. అంతట ఆ గురువు తాను తరగతిలో చెప్పిన పాఠములనే ఆమెకు ఇంటివద్ద, వేతనము లేకయే, మరల చెప్పుటకు పూనుకొనెను. వారమున రెండుమారులు సాగిన ఆ విద్యాభ్యాసము నాలుగేండ్లు నడచెను. నడుమ 1871లో పారిసునందు కమ్యూను తిరుగుబాటు జరిగినపుడు, అచ్చట చిక్కిన తన అక్క అన్నాకొరకు పోయి, గాయపడినవారికి ఉపచారము చేసిన కొలది వారములు తప్ప ఆమె దృష్టి గణితమునుండి మరలలేదు.

1874 నాటికి మూడు పరిశోధన వ్యాసములు సిద్ధమయ్యెను. మొదటిది పాక్షికావకలన సమీకరణములను గూర్చినది. ఉష్ణము వ్యాపించుట, ధ్వని ప్రసరించుట, ద్రవము ప్రవహించుట మున్నగు ప్రకృతి వ్యాపారములు స్థలముతోను కాలముతోను మారుచుండును. వాటిని వర్ణించునవి ఈ సమీకరణములే. ఆరంభస్థితి తెలిసినపుడు అట్టి సమీకరణమునకు సాధన యుండునా, ఉన్నచో అది యొక్కటియేనా అనునది భౌతికశాస్త్రమునకు మూలభూతమైన ప్రశ్న. ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ కొన్ని సందర్భములలో దీనిని పరిష్కరించియుండెను. సోఫియా దానిని విస్తృతముగా, స్పష్టమైన నియమములతో నిరూపించెను. అంతేగాక, ఆ నియమములు తప్పినచో ఏమగునో ఉష్ణ సమీకరణమును ఉదాహరణముగా తీసికొని చూపెను. పైకి సరిగా కనిపించు ఘాతశ్రేణి ఒక నిర్ణీతమైన విలువకు చేరక చెదరిపోవచ్చునని దాని వలన తేలెను. ఈ సంగతి గురువునకే క్రొత్తగా తోచెను. నేటికిని ఆ సిద్ధాంతము కోషీ-కొవలెవ్‌స్కాయా సిద్ధాంతమను పేర విశ్వవిద్యాలయములలో బోధింపబడుచున్నది.

రెండవది శనిగ్రహ వలయములను గూర్చినది. వలయము ద్రవరూపమున నున్నదని భావించి, దాని అడ్డుకోత దీర్ఘవృత్తాకారమున నుండునని లప్లాసు గణించియుండెను. ఆమె ఆ గణనను మరింత సూక్ష్మముగా సాగించి, అది ఒక వైపు లావై గ్రుడ్డు ఆకారమున నుండవలెనని చూపెను. వలయములు ద్రవములు కావనియు, అసంఖ్యాకములైన చిన్న శకలముల సమూహములనియు మాక్స్‌వెల్ అంతకు పూర్వమే స్థాపించియుండెను. అయినను ఆమె వాడిన గణితపద్ధతి విలువగలదియే. మూడవది అబేలియను సమాకలనులలో ఒక జాతిని సులభతరములైన దీర్ఘవృత్తీయ సమాకలనులకు దించు మార్గమును తెలుపునది.

వీనిలో ఏ యొక్కటి యైనను డాక్టరు పట్టమునకు చాలునని వయర్‌స్ట్రాస్ అభిప్రాయము. అయినను స్త్రీ విషయమున ఎవ్వరును సందేహింప వీలులేకుండ మూడింటిని పంపుట నిశ్చయమయ్యెను. అభ్యర్థి స్వయముగా రాకున్నను పట్టమొసగు సంప్రదాయము గోటింగెన్ విశ్వవిద్యాలయమున కలదు. పరాయి భాషలో, అపరిచితులైన పండితుల నడుమ మౌఖిక పరీక్షకు నిలువవలసిన కష్టము నుండి ఆమెను తప్పింపుడని గురువు వ్రాసెను. 1874 ఆగస్టు మాసమున గోటింగెన్ ఆమెకు అత్యున్నత ప్రశంసతో డాక్టరు పట్టము నొసగెను. ఆధునిక కాలమున గణితశాస్త్రములో ఆ గౌరవమందిన మొదటి మహిళ ఆమెయే. ఆమె చెలికత్తె యూలియా లెర్మొంతొవా అదే సంవత్సరమున అదే విశ్వవిద్యాలయమునుండి రసాయన శాస్త్రమున డాక్టరు పట్టమందెను.

ఇంతటి కీర్తితో స్వదేశమునకు మరలిన విదుషికి రష్యా చూపిన ఉద్యోగము బాలికల పాఠశాలలో క్రింది తరగతులకు కూడికలు తీసివేతలు చెప్పుట మాత్రమే. ఆమె దానిని స్వీకరింపలేదు. 1878లో పీటర్సుబర్గున స్త్రీలకొరకు ఉన్నత విద్యాసంస్థ వెలసినపుడు దాని స్థాపనకు తోడ్పడినను, అందు బోధించు అవకాశము ఆమెకు దక్కలేదు. దాదాపు ఆరేండ్లు ఆమె గణితమునకు దూరమయ్యెను. నామమాత్రముగా నున్న వివాహము నిజమైన దాంపత్యమాయెను. 1878లో ఒక కుమార్తె జన్మించెను. భర్త గృహనిర్మాణ వ్యాపారములలో దిగి సమస్తమును పోగొట్టుకొనెను. 1880లో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో ప్రసంగింపుమని గణితజ్ఞుడు చెబిషెవ్ కోరగా, ఆమె ఏండ్ల తరబడి పెట్టెలో నున్న అబేలియను సమాకలనుల వ్యాసమును ఒక్క రాత్రిలో రష్యను భాషలోనికి మార్చి చదివెను. సభికులు మెచ్చుకొనిరి. ఆమె మరల గణితమునకు వచ్చెను. కాని డాక్టరు పట్టము గల ఆమెకు స్వదేశమున మాస్టరు పరీక్షకు కూర్చొనుటకైనను అనుమతి దొరకలేదు.

1883 ఏప్రిలులో అప్పులచే క్రుంగిన వ్లదీమిర్ ఆత్మహత్య చేసికొనెను. అప్పుడు పారిసులో నున్న సోఫియా ఆ వార్త విని నాలుగు దినములు అన్నపానములు మాని, ఐదవ దినమున స్పృహ తప్పెను. తెలివి వచ్చిన పిదప కాగితమును పెన్సిలును అడిగి తీసికొని గణితము వ్రాయుట కారంభించెనని చెప్పుదురు.

ఆ కష్టదశలో వయర్‌స్ట్రాస్ శిష్యుడే యగు మిట్టాగ్ లెఫ్లర్ ఆమెకు అండగా నిలిచెను. స్వీడను రాజధాని స్టాక్‌హోములో క్రొత్తగా నెలకొన్న కళాశాలకు ఆమెను రప్పించెను. 1884 ఆరంభమున ఆమె జర్మను భాషలో పాఠములు మొదలిడి, కొలదికాలములోనే స్వీడిషు నేర్చి ఆ భాషలో చెప్పజొచ్చెను. మొదట సంస్థనుండి జీతము లేదు. స్త్రీ ఆచార్యత్వమును పరిహసించిన పండితులును రచయితలును లేకపోలేదు. అయినను ఆ సంవత్సరమే ఐదేండ్ల గడువుతో ఆచార్యపదవియు, 1889లో జీవితాంతము నిలుచు ఆచార్యపదవియు ఆమెకు లభించెను.

ఆమె కీర్తికి శిఖరమైనది ఘనవస్తు భ్రమణమును గూర్చిన పరిశోధన. ఒక బిందువు కదలకుండ నిలిచియుండగా, భూమ్యాకర్షణకు లోబడి తిరుగు వస్తువు ఏ క్షణమున ఎట్లుండునో గణితముచే చెప్పుట చూచుటకు సులభముగాని చేయుటకు మహాకఠినము. వస్తువు తన గరిమనాభి వద్దనే నిలుపబడియుండు సందర్భమును ఆయిలరు సాధించెను. పిల్లలు త్రిప్పు బొంగరమువలె అన్ని వైపుల సమానమై, గరిమనాభి ఇరుసుమీద నుండు సందర్భమును లగ్రాంజి సాధించెను. తరువాత నూరేండ్లు ఎవ్వరును ముందడుగు వేయలేదు. ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఈ సమస్యకు బోర్డిన్ బహుమానమును ప్రకటించెను. వ్యాసములపై రచయితల పేర్లు ఉండరాదు; ఒక్కొక సూక్తిని మాత్రము గుర్తుగా వ్రాసి, పేరును మూసిన కవరులో నుంచవలెను. 1888 డిసెంబరు 24వ తేదీన విజేత పేరు సోఫియా కొవలెవ్‌స్కాయా అని లోకమునకు తెలిసెను. వస్తువు యొక్క మూడు ముఖ్య జడత్వ భ్రామకములలో రెండు సమానమై, మూడవది వానిలో సగమై, గరిమనాభి ఆ సమానాక్షముల తలములో నుండు మూడవ సందర్భమును ఆమె కనుగొని సంపూర్ణముగా సాధించెను. ఇటువంటి నాలుగవ సామాన్య సందర్భము లేదని తరువాతి గణితజ్ఞులు స్థాపించిరి. వ్యాసపు శ్రేష్ఠతను చూచి పరిషత్తు బహుమానమును 3000 ఫ్రాంకులనుండి 5000 ఫ్రాంకులకు పెంచెను.

మరుసటి సంవత్సరము రష్యా విజ్ఞాన పరిషత్తు, స్త్రీలను చేర్చుకొనుటకు తన నియమమును మార్చి, ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. గౌరవము దక్కినది గాని స్వదేశమున పదవి మాత్రము దక్కలేదు. ఆమె సాహిత్యమునందును చేయి తిరిగినది. తన బాల్యస్మృతులను గూర్చి వ్రాసిన గ్రంథము విశేషాదరణ పొందెను. 1891 ఆరంభమున సెలవులు గడపి స్టాక్‌హోమునకు చలిలో కష్టప్రయాణము చేసి వచ్చిన ఆమెకు జలుబు సోకి ఊపిరితిత్తుల వ్యాధిగా ముదిరెను. ఫిబ్రవరి 10వ తేదీన, నలుబదియొక్క సంవత్సరముల ప్రాయమున ఆమె కన్నుమూసెను. చంద్రునిపై ఒక బిలమునకు ఆమె పేరు పెట్టబడినది.

సోఫియా ప్రతిభ సహజమైనది. కాని తండ్రిని ఒప్పించిన పొరుగువాడును, వేతనము లేక నాలుగేండ్లు పాఠము చెప్పిన గురువును, పీఠము చూపిన మిత్రుడును లేకున్నచో ఆ ప్రతిభ పాలిబినో పల్లెలోనే అణగిపోయెడిది. ఆమెను నిరాకరించిన విశ్వవిద్యాలయములు ఆమెకు చేసిన నష్టముకన్న తమకు తాము చేసికొన్న నష్టమే ఎక్కువ. ఆమె గణితమునకు దూరమై గడపిన ఆరేండ్లను ఏ పరిషత్తును తిరిగి ఈయజాలదు. ఏ పల్లెలో, ఏ యింట, ఏ బాలికయందు అట్టి బుద్ధి దాగియున్నదో ముందుగా ఎవరును చెప్పలేరు. కావుననే గ్రామమున గ్రంథాలయపు తలుపు అందరికిని తెరచియుండవలెను. ఆడపిల్ల అడిగిన పుస్తకము, అది ఎంత కఠినమైనదైనను, ఆమె చేతికి అందవలెను.