ఖాళీ అయిన బల్ల దగ్గర కృతజ్ఞత

ఉద్యోగం వచ్చినా, ఇల్లు కట్టుకున్నా, జబ్బు నయమైనా మనం కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టర్‌గారిని పిలుస్తాం, పాటలు పాడుకుంటాం, వచ్చినవారికి భోజనం పెడతాం. అది మంచిదే! కానీ అదే కూడికలో వెనుక వరుసలో, ఈ ఏడాదే భర్తను పోగొట్టుకున్న సోదరి ఒకరు కూర్చుని ఉంటారు. ఆమె దేనికని దేవునికి కృతజ్ఞత చెప్పాలి? జర్మనీ దేశపు దైవసేవకుడు మార్టిన్ రింకర్ట్ జీవితంలో ఆ ప్రశ్నకు జవాబుంది. ప్రొటెస్టెంట్ సంఘాలు దాదాపు నాలుగు శతాబ్దాలుగా పాడుకుంటున్న ప్రఖ్యాత కృతజ్ఞతాగీతం ఆయన రాసిందే.

రింకర్ట్ 1586లో సాక్సనీ ప్రాంతంలోని ఐలెన్‌బర్గ్‌లో, పీపాలు చేసే ఇంట్లో పుట్టాడు. లీప్జిగ్‌లో చదువుకుని, 1617లో సొంత ఊరికే లూథరన్ బోధకుడిగా తిరిగొచ్చాడు. మరుసటి ఏడాదే ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఐలెన్‌బర్గ్ చుట్టూ ప్రాకారం ఉండడంతో పల్లెల నుంచి జనం వచ్చి అక్కడ తలదాచుకున్నారు. ఇరుకైన ఆ ఊళ్లో 1637లో ప్లేగు చెలరేగి దాదాపు 8 వేల మందిని పొట్టన పెట్టుకుంది. పై బోధకుడు ఊరు విడిచి వెళ్లి మళ్లీ రాలేదు. ఊళ్లోని మరో ఇద్దరు బోధకులు చనిపోతే వారి భూస్థాపన రింకర్టే జరిపించాడు. రోజుకు 40, 50 మంది చొప్పున దాదాపు 4,480 మందికి సమాధి ప్రార్థనలు చేశాడు. వారిలో మే నెలలో కన్నుమూసిన ఆయన భార్య క్రిస్టీనా కూడా ఉంది.

ప్లేగు వెనుకే కరవు వచ్చింది. చచ్చిన కాకి కోసం వీధుల్లో జనం కొట్టుకున్నారు. రింకర్ట్ తన కుటుంబం ప్రాణం నిలుపుకోవడానికి సరిపడా మాత్రం ఉంచుకుని మిగిలిందంతా పంచిపెట్టాడు. అందుకోసం రాబోయే ఏళ్ల జీతాన్ని కూడా తాకట్టు పెట్టాడు. 1639లో స్వీడన్ సైన్యం ఊరిమీదికొచ్చి 30 వేల థాలర్లు కట్టమంది. ఆయన వెళ్లి బతిమాలినా సేనాని వినలేదు. తిరిగొచ్చి ప్రజలతో కలిసి మోకరించి ప్రార్థించాడు. చివరికి ఆ సొమ్ము 2 వేల ఫ్లోరిన్లకు తగ్గింది.

ఇంతకీ ఆ పాట ఎప్పటిది? కష్టాలన్నీ గట్టెక్కాక రాశాడేమోనని మనం అనుకుంటాం. కాదు! ప్లేగుకు ముందే, భోజనం బల్ల దగ్గర చేసుకునే చిన్న ప్రార్థనగా రాశాడు. ఆ తర్వాతే ఆ బల్ల దగ్గర భార్య చోటు ఖాళీ అయింది, బల్లమీద రొట్టె కరువైంది. పాటలో స్తోత్రం ఒక్కటే లేదు. శాంతిని దయచేయమని, ఆపదలన్నిటినుంచి విడిపించమని వేడుకోలు కూడా ఉంది. బాధను దాచుకుని దేవుణ్ణి పొగడాలని ఆ పాట మనకు నేర్పదు.

ప్లేగు కోసం దేవునికి కృతజ్ఞత చెప్పమని పౌలు కూడా అనలేదు. ఎలాంటి స్థితిలో ఉన్నా కృతజ్ఞులై ఉండమన్నాడు (1 థెస్స. 5:18). ఎందుకంటే మన స్థితి మారినా మన తండ్రి మారడు. తన కుమారుణ్ణే మనకోసం ఇచ్చిన దేవుడు, ఇవ్వడమే స్వభావంగా గలవాడు. తన చేతిలోని రొట్టె ఆ దేవుడిచ్చిందేనని రింకర్ట్ ఎరుగును. అందుకే దాన్ని గుప్పిట్లో బిగించుకోలేదు. ఆకలితో తలుపు తట్టినవారు దేవుడెలాంటివాడో ఆ రొట్టెముక్కలో చూశారు.

1648లో యుద్ధం ముగిసింది. మరుసటి ఏడాది డిసెంబరులో రింకర్ట్ ప్రభువునందు నిద్రించాడు.

ఈసారి కృతజ్ఞత కూడికలో వెనుక వరుసలోని సోదరిని పాడమని బలవంతపెట్టొద్దు. ఆమె పక్కన కూర్చుందాం. మన విస్తరిలోది ఆమె ఇంటికీ చేరవేద్దాం. ఇచ్చే దేవుణ్ణి ఆమె అక్కడ చూస్తుంది.