ఊళ్ల పేర్లు నిగ్గుతేల్చిన అల్‌బెరూనీ

గౌలిగూడ బస్టాండులో దిగి రమ్మని ఒక పాత ఉత్తరంలో రాసి వుంటే, అది పట్టుకుని ఈనాటి కుర్రవాడు ఎక్కడికి పోవాలి? జిల్లాల బస్సులు 1994లోనే ఇమ్లీబన్‌కు మారిపోయాయి. సిటీ బస్సులకు మిగిలిన ఆ పాత రేకుల షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. పేరు మాత్రం జనం నోట్లో మిగిలింది. కాగితం మీది పేరును నేలమీది చోటుతో జత చెయ్యడం అనుకున్నంత సులువు కాదు. ఆ పనికి జీవితంలో పెద్ద భాగం ధారపోసిన మహానుభావుడు అబూ రైహాన్ అల్‌బెరూనీ.

ఆయన 973లో ఖ్వారిజం దేశంలోని కాత్‌లో పుట్టారు. పదిహేడేళ్లకే సూర్యుని ఎత్తు కొలిచి తన ఊరి అక్షాంశం కట్టారు. 997లో చంద్రగ్రహణం పట్టినప్పుడు కాత్‌లో ఆయన, బగ్దాదులో అబుల్ వఫా, ముందే అనుకుని ఒకే గ్రహణాన్ని చూశారు. వేళల తేడాను బట్టి రెండు ఊళ్ల రేఖాంశాల తేడా తేల్చారు. 1017లో గజనీ సుల్తాన్ మహమూద్ ఖ్వారిజంను గెలిచి, అక్కడి పండితులతో పాటు ఆయన్నీ గజనీకి పట్టుకుపోయాడు. ఇష్టపడి చేసిన ప్రయాణం కాదది.

గజనీలో నమాజుకు ఎటు నిలబడాలి? ఖిబ్లా దిక్కు తేలాలంటే ముందు మక్కా ఎక్కడో, గజనీ ఎక్కడో అంకెల్లో తెలియాలి. గ్రంథాలు తిరగేస్తే ఒకదాని అంకె మరొకదానితో కలవదు. ఆ రోజుల్లో ఈ అంకెలను అరబ్బీ అక్షరాలతో రాసేవారు. జీమ్ అంటే 3, బడీ హే అంటే 8. రెంటికీ తేడా ఒక్క చుక్క! నకలు రాసేవాడు ఆ చుక్క మరిచాడా, ఊరు ఐదు డిగ్రీలు, అంటే మూడు వందల మైళ్లకు పైనే జరిగిపోతుంది. అందుకని అల్‌బెరూనీ పుస్తకాన్ని గుడ్డిగా నమ్మలేదు. బాటసారులు చెప్పిన దూరాల్లోంచి దారి వంకరలకు కొంత తీసేసి, ఆకాశం చూసి కట్టిన అక్షాంశాలతో వాటిని సరిపోల్చి, 1025లో ఈ విషయం మీదే ఒక గ్రంథం పూర్తిచేశారు.

తర్వాత 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాశారు. దానికోసం పెద్ద వయసులో సంస్కృతం నేర్చుకున్నారు. వాయుపురాణంలోంచి నదుల పేర్లు ఏరి, పుట్టిన కొండను బట్టి పట్టిక వేశారు. సహ్యాద్రి కింద గోదావరి, కృష్ణ, తుంగభద్ర. మహేంద్రగిరి కింద మన శ్రీకాకుళం వంశధార. ఈ నదుల ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు! వరాహమిహిరుని బృహత్సంహితలోని దేశాల జాబితా కూడా ఎత్తి రాశారు. ఆంధ్రదేశం అందులో ఆగ్నేయాన ఉంది. కానీ ఎత్తి రాసి ఊరుకోలేదు. ఈ పేర్లలో చాలావాటిని తన కాలంలో ఎవరూ వాడడం లేదనీ, ఊళ్ల పేర్లు మారిపోతాయనీ హెచ్చరించారు. ముల్తాన్‌నే తీసుకుంటే, దానికి కాశ్యపపురం, హంసపురం మొదలుకొని మూలస్థానం దాకా పేర్లు మారాయట. నకళ్లు రాసేవాళ్ల అజాగ్రత్త మీద ఆయనకు ఎంత కోపమో చదివితేనే తెలుస్తుంది.

కనోజ్ నుంచి నాలుగు దిక్కులకు పోయే దారుల్లో ఊరికీ ఊరికీ దూరాలు ఫర్సఖుల్లో ఇచ్చారు. అవి విన్న లెక్కలు. తాను స్వయంగా అక్షాంశం కొలిచిన గజనీ, కాబూల్, పెషావర్, సియాల్‌కోట్, ముల్తాన్ లాంటి కొద్ది ఊళ్లను వేరుగా చెప్పి, హిందూదేశంలో వాటిని దాటి వెళ్లలేదని దాచకుండా ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. గజనీకి ఆయన కట్టిన 33 డిగ్రీల 35 నిమిషాలు నేటి లెక్కకు దాదాపు సరిపోతుంది. ముల్తాన్‌కు మాత్రం అర డిగ్రీ తప్పారు.

సుల్తాన్ మసూద్ పేరుమీద రాసిన ఖానూనుల్ మసూదీలో 600కు పైగా ఊళ్ల అక్షాంశ రేఖాంశాల పట్టిక ఉంది. ఆ గ్రంథం మూడు సంపుటాలుగా అచ్చయింది మన హైదరాబాదులోనే. 1888లో మొదలై, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో స్థిరపడిన దాయిరతుల్ మారిఫ్ దాన్ని 1954-56లో, కితాబుల్ హింద్‌ను 1958లో వెలువరించింది. చేతిరాత ప్రతులను పక్కపక్కన పెట్టి చుక్క చుక్కా సరిచూసే పని మళ్లీ ఇక్కడి పండితుల పాలబడింది.

అల్‌బెరూనీ 1048 ప్రాంతంలో గజనీలో కన్నుమూశారు. ఆయన పుట్టిన కాత్ పేరు నేటి పటంలో వెతికితే దొరకదు. ఉజ్బెకిస్తాన్‌లో ఆ చోట ఉన్న పట్టణాన్ని ఇప్పుడు బెరూనీ అంటున్నారు.