సర్ రోనాల్డ్ రాస్

తుంగభద్ర కాలువ వలన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పెక్కు మెట్టభూములకు నీరు లభించినది. నీరు పంటకు ప్రాణము. కాని అది గుంటలలో నిలిచినచో దోమలు పెరుగును. దోమల వెంట మలేరియా వచ్చును. ఈ సంగతి నేడు బాలురకును తెలియును. దీనిని తెలియజేసిన గొప్ప పరిశోధన మన సికిందరాబాదులో జరిగినది. దానిని చేసినవాడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన ఆల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. కవిత్వము, సంగీతము, గణితము రాస్‌కు ప్రీతిపాత్రములు. అయినను తండ్రి కోరికపై వైద్యము చదివి, 1881లో భారతదేశమున సైనిక వైద్యుడుగా చేరెను.

చిత్తడినేలల చెడుగాలివలన మలేరియా కలుగునని జనులు చిరకాలము నమ్మిరి. 1880లో లావరాన్ అను వైద్యుడు రోగి రక్తమున దాని క్రిమిని కనుగొనెను. అది ఒకరినుండి మరియొకరికి ఎట్లు చేరునో తెలియలేదు. దోమలకు ఇందు పాత్ర కలదని 1894లో మాన్సన్ అను వైద్యుడు రాస్‌కు తెలిపెను.

రాస్ పెక్కు దోమలను కోసి పరీక్షించెను. ఫలము కనబడలేదు, అవి మలేరియాను మోయు జాతివి కావు. 1897లో సికిందరాబాదు ఉక్కలో అతని చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. పంకా విసరినచో దోమలు ఎగిరిపోవునని గాలి లేకయే పనిచేసెను. చివరకు మచ్చల రెక్కల దోమలు దొరికెను. వానిచే హుసేన్‌ఖాన్ అను రోగిని కుట్టించి, అతనికి దోమకొక అణా చొప్పున ఇచ్చెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ పొట్టగోడలో క్రిములు కనబడెను! మరుసటి ఏట కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటుచేతనే ఈ వ్యాధి వ్యాపించునని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను.

దోమలన్నింటిని చంపనక్కరలేదు, వాని సంఖ్యను ఒక హద్దునకు తగ్గించిన చాలునని రాస్ గణితముచే చూపెను. 1932లో అతడు మరణించెను.

ఆ హద్దును చేరుటకు పిదప శాస్త్రజ్ఞులు మరియొక ఉపాయము కనుగొనిరి. మగదోమలను పెంచి, కిరణములచేగాని మందులచేగాని సంతానశక్తి పోగొట్టి విడుతురు. మగదోమ కుట్టదు. ఆడుదోమ సాధారణముగా ఒకేసారి జతకూడును; అట్టి మగదోమతో కూడినచో దాని గుడ్లనుండి పిల్లలు రావు. 1970ల దశకమున ఎల్ సాల్వడార్ దేశములో ఒక సరస్సువద్ద ఇట్లు చేయగా దోమలు మిక్కిలి తగ్గెను.

ఇట్టి పనులు శాస్త్రజ్ఞులవి. ఇంటిచుట్టు నీరు నిలువనీయకుండుట మన పని. రాస్ చూపిన దారిలో అదియే తొలి అడుగు.