అక్షరమును మాటతో కలిపిన సురవరము ప్రతాపరెడ్డి

పసివానిచేత అక్షరములు దిద్దించుట యొక పని. ఆ అక్షరములతో అతడు దినదినము పలుకు మాటలను వ్రాయించుట వేరొక పని. ఈ రెండును కలిసినప్పుడే చదువు వంటబట్టును. పూర్వపు వీధిబడులలో పిల్లవాడు ఇసుకపై వేలితో ఓనమాలు దిద్ది, గుణింతము నేర్చి, పలకపై రెండక్షరముల మాటలు, మూడక్షరముల మాటలు వ్రాసి, పిదప పెద్దబాలశిక్ష పట్టెడివాడు. వారముల పేర్లు, నెలల పేర్లు, ఎక్కములు చేతికిని నోటికిని ఒక్కమారే అలవడెడివి. ఆ బడులలో బెత్తపు దెబ్బలకు కొదువ లేకున్నను, చేయి వ్రాసిన మాట ఇంటిలో అమ్మ పలికిన మాటయే అయి యుండెడిది.

నిజాము రాష్ట్రమున ఈ కలయికకు విఘాతము కలిగెను. 1884లో ఫారసీ స్థానమున ఉర్దూ రాజభాష అయ్యెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే సాగెను. సర్కారు బడులలో ఉర్దూకే పెత్తనము. తెలుగునకు దక్కిన చోటు కొంచెము. ప్రజలు స్వయముగ నెలకొల్పుకొను ఖానగీ బడులకును సర్కారు అనుమతి కావలసి యుండెను. పిల్లవాని చేతికి ఒక లిపి, నోటికి వేరొక భాష అయ్యెను. ఈ ఎడబాటును తొలగింప జీవితమంతయు పాటుపడినవారిలో మన సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు.

రెడ్డిగారు 1896 మే 28వ తేదీన గద్వాల ప్రాంతమందలి బోరవెల్లి గ్రామమున జన్మించిరి. తల్లి రంగమ్మగారు, తండ్రి నారాయణరెడ్డిగారు. స్వగ్రామము అలంపురము తాలూకాలోని ఇటిక్యాలపాడు. కర్నూలున చదువుకొనుచు వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృతము నభ్యసించిరి. హైదరాబాదు నిజాము కళాశాలయందును, పిమ్మట మద్రాసునందును చదివి బి.ఎ. పట్టము పొందిరి; న్యాయశాస్త్రమును కూడ నేర్చిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఫారసీ, ఆంగ్లములు వారికి స్వాధీనమైన భాషలు. వారికి ఉర్దూపై ద్వేషము లేదు. తల్లిభాష వ్రాయనేర్వక మునుపే పిల్లవానిపై పరభాషను మోపుట యొక్కటే వారికి సరిపడనిది.

న్యాయవాద వృత్తిలో ధనము గడింప వీలుండియు వారు అటు మొగ్గలేదు. హైదరాబాదు రెడ్డి హాస్టలు కార్యదర్శిగా నుండి పల్లెలనుండి చదువునకై వచ్చిన విద్యార్థులకు పెద్దదిక్కైరి. అచ్చటి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను ప్రారంభించిరి. వారమునకు రెండుమార్లు వెలువడిన ఆ పత్రికకు సంపాదకులు వారే. పలు కలము పేర్లతో వ్యాసములు వ్రాసినవారును వారే. అచ్చుతప్పులు దిద్దినవారును వారే. బడి విడిచిన పిదప తెలుగక్షరము కంటబడని పల్లెలకు ఆ పత్రిక రెండవ బడి వంటిదయ్యెను. నేర్చిన అక్షరమును చదువుటకు ఏదియు లేనిచో, ఆ అక్షరము ఏడాది తిరుగకమునుపే మరపునకు వచ్చును గదా!

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు వారు అధ్యక్షులు. మాతృభాషలో ప్రాథమిక విద్య గావలెనన్నది ఆ మహాసభ కోర్కెలలో ముఖ్యమైనది. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, రెడ్డిగారు వాదమునకు దిగక ఊరూరనుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఎవరును చదువరని తలచి ఇండ్లలో దాచుకొనిన వ్రాతలకు అచ్చులో చోటు దొరికెను. 1943లో ఏర్పడిన నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తునకును వారు తోడ్పడిరి. ఆ పరిషత్తు తెలుగులో పరీక్షలు నడిపి, సర్కారు బడిలో తెలుగు దక్కనివారికి తెలుగు చదువుకొను మార్గము చూపెను.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వారి కృషికి కిరీటము వంటిది. రాజుల యుద్ధములను పక్కకు నెట్టి, సామాన్యుల తిండి, బట్ట, నగలు, ఆటలు, పండుగలు, వృత్తులు, చదువులు ఎట్లుండెడివో పూర్వకావ్యములనుండి ఏరి తెలిపిరి. ఒక ఆట పేరు కనబడినచో నిఘంటువు అది క్రీడావిశేష మనియు, ఒక పిండివంట పేరు కనబడినచో భక్ష్యవిశేష మనియు చెప్పి ఊరకుండుట వారికి నచ్చలేదు. ఇంటి మాటకు అర్థము చెప్పలేని పాండిత్యము కొఱతపడినదే యని వారి భావము. ఆ మాటల జాడకై వారు పల్లెజనుల వాడుకనే ఆశ్రయించిరి.

1952 ఎన్నికలలో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి యేడు, అనగా 1953 ఆగస్టు 25వ తేదీన, వారు కీర్తిశేషులైరి. 1955లో సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. దానిని అందుకొనుటకు వారు లేకపోయిరి. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుటకు 2024లో తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించినది.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో నేడు ఊరూర బడులున్నవి. పలకల స్థానమున కాగితములు, బలపముల స్థానమున కలములు వచ్చినవి. అయినను పిల్లవాడు అందమైన అక్షరములు చూచివ్రాసి, వ్రాసిన దేమని యడుగగా తెల్లబోవుట నేటికిని కలదు. బకారము దిద్దించునపుడే బడి, బలపము అను మాటలు వ్రాయించవలెను. పకారము దిద్దించునపుడే పలక, పంతులు అను మాటలు వ్రాయించవలెను. వ్రాసిన మాటను బిగ్గరగ చదివించవలెను. వ్రాతయు మాటయు అట్లు జంటగా నేర్చిన బిడ్డ సాయంకాలము గ్రంథాలయపు గడప యెక్కి తనంత తాను పుస్తకము తెరచిన నాడు రెడ్డిగారి శ్రమ ఫలించినట్లే.